కోర్దోబాకు ఒక పూట చాలదు

దక్షిణ స్పెయిన్ చూడబోయేవారి ప్రణాళికలు చాలావరకు ఒకేలా ఉంటాయి. సెవిల్లెలో మూడు రాత్రుల బస, గ్రనాడాలో అల్హంబ్రా కోట, నడుమ కోర్దోబాకు ఒక పూట. 1992లో హైస్పీడు రైలు వచ్చాక సెవిల్లె నుంచి కోర్దోబా ముప్పావు గంట దూరమే కాబట్టి, పొద్దున వెళ్లి పెద్ద మసీదు చూసి సాయంత్రానికి తిరిగి రావడం తేలికైపోయింది. తేలికే కానీ తప్పు. ఈ మూడింటిలో తప్పనిసరిగా రాత్రి బస చేయాల్సిన ఊరు కోర్దోబాయే.

మూడు నగరాలనూ క్రైస్తవ రాజులు ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్నారు: కోర్దోబాను 1236లో, సెవిల్లెను 1248లో, గ్రనాడాను 1492లో. సెవిల్లెలో పెద్ద మసీదును తర్వాత పడగొట్టి కెథడ్రల్ కట్టారు. హిరాల్దాగా మారిన మినారు, నారింజ చెట్ల ప్రాంగణం మిగిలాయి. గ్రనాడా మసీదు స్థలంలోనూ చర్చి లేచింది. కోర్దోబాలో మాత్రం కట్టడం నిలిచింది. 785 ప్రాంతంలో ముస్లిం పాలకుడు మొదటి అబ్దుల్ రహ్మాన్ దాన్ని మొదలుపెట్టినప్పుడు పాత రోమన్, విసిగోత్ కట్టడాల స్తంభాలనే వాడారు. అవి పొట్టివి కావడంతో కప్పు ఎత్తు పెంచడానికి కమాను మీద కమాను నిలిపారు. తర్వాతి రెండు శతాబ్దాల్లో మూడుసార్లు విస్తరించగా స్తంభాలు 850 దాటాయి. చివరగా మంత్రి అల్మన్సూర్ కలిపిన భాగంలో కమానులకు ఇటుక, రాయి వరసలకు బదులు చాలాచోట్ల ఎర్ర రంగే పూశారు. 1523లో నగర పాలకులు వద్దని పోరాడినా వినకుండా నట్టనడుమ కెథడ్రల్ మొదలుపెట్టారు. ఈ పొరలు ఒకదాని నుంచి ఒకటి విడివడి కనిపించాలంటే తీరిగ్గా తిరగాలి. గంటలో ఫొటోలే దక్కుతాయి. ఊరికి పడమట 936 తర్వాత కట్టిన మదీనా అసహారా రాజనగర శిథిలాలకు మరో సగం రోజు కావాలి.

ఎండ సంగతీ ఉంది. రెంటచింతల వేడి ఎరిగినవారికి కూడా జులైలో 40 డిగ్రీలు దాటే కోర్దోబా మధ్యాహ్నం తేలిక కాదు. ఒక పూటకని వచ్చేవారు తిరిగేది సరిగ్గా ఆ వేళల్లోనే. రాత్రి ఉన్నవారికి చల్లటి తెల్లవారుజాము, గ్వాదల్కివీర్ మీది రోమన్ వంతెన దాటే సాయంత్రం దొరుకుతాయి.

గ్రనాడా సమయం తగ్గిపోదా అంటే, తగ్గనక్కర్లేదు. అల్హంబ్రాలో నస్రీద్ రాజమందిరాల టికెట్‌కు నిర్ణీత వేళ ఉంటుంది. ముందే కొనుక్కుంటే అక్కడి రోజు సాఫీగా సాగుతుంది. ఇంతకన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. పాత పేటల్లో ఇళ్లు పర్యాటకుల ఫ్లాట్లుగా మారి, అద్దెలు పెరిగి, స్థానికులు ఖాళీ చేయాల్సి వస్తోంది. 2024లో దక్షిణ స్పెయిన్‌లోనే ఉన్న మలగా నగర వీధుల్లో దీనిపైనే జనం నిరసన తెలిపారు. వాళ్ల బాధ న్యాయమైనది. అయితే దానికి మందు బస మానేయడం కాదు. పూటకు వచ్చిపోయేవారూ అవే సందులను కిక్కిరిసేలా చేస్తారు, పైగా ఊరికి మిగిల్చేది తక్కువ. కుటుంబాలు నివసించే భవనంలో ఫ్లాట్ తీసుకోకుండా హోటల్లోనో, హోస్టాల్ అనే చిన్న వసతిగృహంలోనో గది తీసుకోండి. మసీదు చుట్టూ ఉన్న ఇరుకు వీధుల్లోనే ఉండక్కర్లేదు; శాంతా మరీనా పేట నుంచి నడిచే వెళ్లవచ్చు. మే నెలలో పాటియోల (ఇళ్ల లోపలి ప్రాంగణాల) పండుగ కాబట్టి గదులు చాలా ముందే చూసుకోవాలి. సెవిల్లె మూడు రాత్రుల్లో ఒకటి తగ్గించి, కోర్దోబాకు ఇవ్వండి.