తోలుబొమ్మ నీడలో తెలుగు పాఠం



ఆధునిక శిల్పం అనగానే అది మహానగరాల ప్రదర్శనశాలలకు, ఆంగ్లంలో మాట్లాడుకునే వారికి చెందిన వ్యవహారమని మనలో చాలామంది భావిస్తారు. దానికీ తెలుగు పాఠానికీ ఏ సంబంధమూ లేదనుకుంటారు. ఈ భావన సరికాదనీ, దీనివల్ల మనవంటి సరిహద్దు ప్రాంతపు తెలుగు పిల్లలకు నష్టం కలుగుతున్నదనీ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేటి శిల్పికి రాయి, కంచు, కొయ్య మాత్రమే ముడిసరుకులు కావు. పగిలిన అద్దం, పారవేసిన రేకు, చివరకు వెలుతురు కూడా ముడిసరుకే. 2003లో ఓలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు లండన్‌లోని టేట్ మోడరన్ ప్రదర్శనశాలలో దీపాలు, అద్దాలు, పొగమంచు కలిపి ఒక కృత్రిమ సూర్యుణ్ణి నిలిపాడు. 1998లో టిమ్ నోబుల్, స్యూ వెబ్‌స్టర్ అనే ఇద్దరు తమ చెత్తనే కుప్పగా పేర్చి, ఒక పక్కనుండి దీపం వేశారు. కుప్పను చూస్తే చెత్త. గోడమీది నీడను చూస్తే వీపులు ఆనించి కూర్చున్న ఇద్దరు మనుషులు! మన దేశంలో నళినీ మలానీ పారదర్శకమైన గొట్టాలపై చిత్రాలు వేసి, వాటిని తిప్పుతూ, వాటిగుండా దీపకాంతిని ప్రసరింపజేసి గోడలపై నీడల కథలు నడిపించారు. వీటినే ఇన్‌స్టలేషన్ కళ అంటున్నారు.

ఒక్క క్షణం ఆలోచించండి. దీపం, తెర, వెలుతురు సోకే రంగుల బొమ్మ, నీడతో కథ. ఇది మనకు కొత్తదా? మన తోలుబొమ్మలాట ఇదే కదా!

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే పల్లె ఉన్నది. అక్కడి కళాకారులు మేకతోలును శుభ్రపరచి, వెలుతురు దూరేంత పలుచగా గీకి, ఆరబెట్టి, బొమ్మ గీసి, రంగులద్ది, చిన్న ఉలులతో చిల్లులు పొడుస్తారు. హారం, వడ్డాణం, కిరీటం ఉన్నచోట ఆ చిల్లులు వరుసలు తీరుతాయి. వెనుక దీపం వెలగగానే చిల్లుల్లోనుండి వచ్చే కాంతియే నగ అవుతుంది. వెలుతురుతో నగ చేయడం కంటె కొత్త ఊహ ఏమున్నది? ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆట చూసేవారు తగ్గిన ఈ కాలంలో ఆ కుటుంబాలు అదే తోలుతో దీపాలకు తొడుగులు చేసి జీవిస్తున్నాయి. పాత చేతికి కొత్త పని దొరికింది.

ఇక్కడ మనం ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటున్నది. ఈ కళాకారుల పూర్వులు మరాఠీ సీమనుండి వచ్చినవారు. ఇంట మరాఠీకి చెందిన మాట. తెరవెనుక తెలుగు రామాయణం. తమిళనాట తోల్పావైక్కూత్తు ఆడే కుటుంబాల కథ కూడా ఇటువంటిదే. అల్పసంఖ్యాకుల భాష ఇంట్లో నిలిచింది, ఊరి భాష కళలో పండింది. రెండింటికీ పని ఉన్నది గనుకనే రెండూ బ్రతికాయి.

మన సంగతి చూడండి. మా మారండహళ్ళి పేరులో కన్నడపు 'హళ్ళి' ఉన్నది, వీధిలో తమిళమున్నది, మన ఇళ్ళలో తెలుగున్నది. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత బడిలో తెలుగుకు ఎంత చోటు అన్న వాదం సాగుతూ వచ్చింది. ఆ వాదం అవసరమే. కాని దొరికిన చోటులో మనం తెలుగుకు అప్పగిస్తున్న పని ఏమిటి? పద్యం అప్పగించడం, ప్రశ్నకు జవాబు రాయడం, అంతే. కొత్తదాన్ని చూసి ఆశ్చర్యపడడానికి, చేతితో చేసిన పనిని వివరించడానికి పిల్లవాడు తెలుగును వదలి వేరొక భాషను వెదుక్కుంటున్నాడు. చట్టం తీయలేని భాషను మనమే వాడి నోటినుండి తీసివేస్తున్నాము.

అందుచేత నా సూచన ఇది. నెలకొక్క తెలుగు పీరియడు ఈ పనికి కేటాయించండి. తెల్ల పంచె ఒకటి, టార్చిలైటు ఒకటి చాలు. విరిగిన దువ్వెన, గాజుముక్కలు, రంగు కాగితం, టమాటా పెట్టె చెక్కలు పిల్లలే తెస్తారు. వాటిని గుచ్చి, అల్లి, అతికి, వేలాడదీసి నీడను చూడనివ్వండి. వస్తువును దీపానికి దగ్గరగా జరిపితే నీడ ఎందుకు పెద్దదై మసకబారుతుంది, తెరకు ఆనిస్తే ఎందుకు స్పష్టమవుతుంది అని అడగండి. ఆపై పది వాక్యాలు రాయించండి. గుచ్చు, అల్లు, అతుకు, ఒరగబెట్టు, వేలాడదీయు: ఈ క్రియలు మన పరీక్షపత్రాలలో ఎంత అరుదో మీకే తెలుసు.

మరొకనాడు రవీందర్ రెడ్డిగారి శిల్పాల చిత్రం చూపండి. సూర్యాపేటలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పం బోధించిన ఈయన ఫైబర్‌గ్లాసుతో పెద్ద పెద్ద స్త్రీ శిరస్సులు చేసి, బంగారు రంగు పూస్తారు. కొప్పు, పూలు, బొట్టు, విప్పారిన కళ్ళు. ఆ ముఖాన్ని వర్ణించడానికి మన పిల్లలకు నిఘంటువు అక్కరలేదు. అవ్వ మాట చాలు.

"ఇది డ్రాయింగు మాస్టారి పని కాదా? పాఠాలు ఎప్పుడు ముగించాలి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని బొమ్మ చేయించడం మన లక్ష్యం కాదు, చెప్పించడం మన లక్ష్యం. తాను చేసినదాని గురించి పది వాక్యాలు రాయగలిగిన బిడ్డకు పరీక్షలోని వ్యాసం బరువు కాదు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. బిడ్డ 'వెలుతురు' అనక 'ఎలుతురు' అంటే నవ్వకండి. ఆ నీడ దేనిదో, ఎలా వచ్చిందో చెప్పమనండి, చెప్పినంతసేపూ వినండి. వినేవారుంటేనే భాష నిలుస్తుంది.