వెజ్ కౌంటర్ కూడా మన దస్తర్‌ఖానే

మన షాదీఖానాల్లో వెజ్ కౌంటర్ ఎక్కడ పెడతారో గమనించారా? చేతులు కడుక్కునే చోటుకి దగ్గర్లో, ఓ మూలకి. వెజ్ బిర్యానీ, పనీర్ కూర, పెరుగన్నం, వాటి పక్కన క్రిస్పీ వెజ్. పైన ఎర్రగా మెరిసే సాస్, లోపల నానిపోయి మెత్తబడ్డ గోబీ ముక్క. దాని ముందు ప్లేటు పట్టుకుని నిలబడేదెవరు? అబ్బాతో 30 ఏళ్లు ఒకే ఆఫీసులో పనిచేసిన శాస్త్రిగారు. పిల్లలకు లెక్కలు చెప్పిన టీచరమ్మ. శనివారం నీచు ముట్టని పక్కింటివాళ్లు. ఇంటికెళ్లి రుఖా చేతికిచ్చి "తప్పకుండా రావాలి" అని మనం పిలిచిన మెహమాన్లే వీళ్లంతా.

దావత్‌కి వెళితే వంటల వైపు ఓ చక్కర్ కొట్టి రావడం నాకలవాటు. రిపోర్టర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? అక్కడ ఒకటికి నాలుగుసార్లు చూసిన సంగతి చెబుతున్నాను. పెద్ద కడాయిలో చికెన్ వేయిస్తారు. వాయి మీద వాయి దిగుతుంది. చికెన్ అయిపోయాక అదే నూనెలో, అదే చిల్లుల గరిటెతో, పిండి కలిపిన గోబీ, బేబీకార్న్ వేస్తారు. తర్వాత సాస్‌లో తిప్పి, ఉల్లికాడలు చల్లి, "వెజ్" అని చీటీ అతికించిన డబ్బాలోకి పంపిస్తారు. అందరు బావర్చీలూ ఇలా చేస్తారని అనను. స్టవ్వు నుంచి కడాయి దాకా అన్నీ వేరుగా పెట్టే ఉస్తాదులూ ఉన్నారు. కానీ వేరుగా పెట్టమని వాళ్లకు గట్టిగా చెప్పే ఇంటిపెద్దలు మాత్రం తక్కువ.

నా దృష్టిలో ఇది వంటింటి చిన్న విషయం కాదు. అమానత్ విషయం. మన మాట నమ్మి ఒక మనిషి తన నోట్లో పెట్టుకునే ముద్ద అది.

మనం ఏం చేస్తామో ఒకసారి గుర్తు చేసుకోండి. కొత్త ఊళ్లో హోటల్ ఎక్కితే కూర్చోకముందే "హలాలేనా భాయ్?" అని అడుగుతాం. జవాబు నమ్మకంగా లేకపోతే పప్పన్నం తిని లేచిపోతాం. బిస్కెట్ ప్యాకెట్ తిప్పి వెనకాల సన్న అక్షరాలు చదువుతాం. ఆ జాగ్రత్త మన హక్కు అనుకుంటాం, నిజమే. మరి అదే హక్కు శాస్త్రిగారికి లేదా? ఆయన మొహమాటానికి అడగడు. పెళ్లివారింట్లో నూనె గురించి ఆరా తీయడం బాగుండదనుకుంటాడు. ఆయన అడగడు కాబట్టి ఆ బాధ్యత రెట్టింపై మన మీదే పడుతుంది.

తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు ఒక రివాజ్ తెలిసే ఉంటుంది. హిందువుల ఇంట్లో పెళ్లయినా పండగైనా, యాటను కోయడానికి ముల్లా సాబ్‌ను పిలుస్తారు. జిబహ్ ఆయన చేతుల మీదుగా జరిగితే ఊళ్లోని తురకోళ్లు కూడా కూర్చుని తింటారని. వాళ్ల మజహబ్‌లో ఆ అవసరం లేదు. మన కోసం పెట్టుకున్న పద్ధతి అది. ఇంకో మనిషి పట్టింపును తన ఇంటి మర్యాదలో భాగం చేసుకోవడం అంటే ఇదీ. దానికి బదులుగా మనమివ్వాల్సింది మహా అయితే ఒక వేరే కడాయి, ఒక డబ్బా కొత్త నూనె.

"అంత పట్టింపు ఉన్నవాళ్లు మన దావత్‌కి రారులే" అంటారు కొందరు. వచ్చారు కదా, ఎదురుగానే నిలబడ్డారు కదా. "వాళ్లకు తెలియదులే" అంటారు ఇంకొందరు. తెలియకపోవడమే ఇక్కడ అసలు దోషం. తెలిసి తింటే అది వాళ్ల మర్జీ. తెలియకుండా తినిపిస్తే అది మన ఖియానత్. ఒకరి గడప ఒకరు తొక్కడానికి కూడా సందేహించేలా మాటలు చెలామణి అవుతున్న ఈ రోజుల్లో, ప్లేటు పట్టుకుని మన మధ్య నిలబడ్డ మనిషి విలువ మామూలుది కాదు.

క్రిస్పీ వెజ్ గురించే ఇంతగా చెప్పడానికి కారణముంది. ఆ వంటకం పుట్టిందే తినేవాడి జబాన్‌ని గౌరవించడం వల్ల. కలకత్తాకు పద్దెనిమిదో శతాబ్దం చివర్నుంచి చైనావాళ్లు వలస వచ్చారు. వాళ్లలో హక్కా జనం టాంగ్రాలో తోళ్ల పని చేసుకుంటూ, హోటళ్లు పెట్టుకుంటూ, తమ సోయా సాస్‌కి మన పచ్చిమిర్చిని జోడించారు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా బదులు సోయా సాస్ పోసి చికెన్ మంచూరియన్ తయారుచేశాడని చెబుతారు. మంచూరియాలో అలాంటి వంట లేదు. చికెన్ తిననివాళ్ల కోసం గోబీ వచ్చింది, తర్వాత బేబీకార్న్, పుట్టగొడుగులు వచ్చాయి. అలాంటి వంటకాన్ని చికెన్ నూనెలో ముంచి శాకాహారికి పెట్టడం ఎంత అన్యాయమో చూడండి.

ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. అరకిలో కూరగాయలు తీసుకోండి. గోబీ, బేబీకార్న్, క్యారెట్, బీన్స్. వేలెడంత ముక్కలు చేసి, గోబీని మాత్రం ఉప్పేసిన వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి తీయండి. తర్వాత గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా ఆరనివ్వండి. చాలామంది ఇళ్లలో ముక్క మెత్తబడేది ఈ తడి వల్లే. అర కప్పు కార్న్‌ఫ్లోర్, అర కప్పు మైదా, రెండు చెంచాల బియ్యప్పిండి, ఉప్పు, మిరియాల పొడి, కొంచెం అల్లం వెల్లుల్లి. ముక్కలకు పట్టుకునేంత చిక్కగా కలపండి. మధ్యస్థంగా కాగిన నూనెలో ఒకసారి వేయించి తీసి, పది నిమిషాలు ఆరబెట్టండి. ఆ లోపల ముక్కలోని తేమ పైకొస్తుంది. నూనె బాగా కాగాక రెండోసారి వేస్తే ఆ తేమ పోయి కరకరలాడతాయి.

సాస్‌కి రెండు చెంచాల నూనె, సన్నగా తరిగిన వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి. మంట పెద్దగా ఉండాలి. ఉల్లిపాయ, క్యాప్సికం ముక్కలు వేసి అటూ ఇటూ తిప్పి, ఒక చెంచా సోయా సాస్, రెండు చెంచాల చిల్లీ సాస్, రెండు చెంచాల టమాటా కెచప్, అర చెంచా సిర్కా వేయండి. సిర్కా మన ఇళ్లకు కొత్త కాదు, ప్రవక్త (స) మెచ్చిన సాలన్ అని చిన్నప్పుడు మౌల్వీ సాబ్ దగ్గర విన్నదే. ఉప్పు చూసి వేయండి, సోయా సాస్‌లో ముందే ఉంటుంది. చెంచా కార్న్‌ఫ్లోర్ పావు కప్పు నీళ్లలో కలిపి పోసి, చిక్కబడగానే మంట తగ్గించి ఒక చెంచా తేనె. ముక్కలు వేసి రెండు తిప్పులు తిప్పి దించేయండి. తీపి, పులుపు, కారం కలిసిన రుచి చింతపండు, బెల్లం ఎరిగిన మన నాలుకకు పరాయిదేమీ కాదు.

ఎర్ర రంగు పొడి మాత్రం వద్దు, కాశ్మీరీ మిర్చి చాలు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. అంతకుముందు తీసిన 171 నమూనాల్లో 107 సురక్షితం కావని తేలింది. మన ఫంక్షన్లలో ఆ రంగునే హోదాగా చూస్తున్నాం.

ఇంకో సంగతి. సాస్‌లో పడ్డాక ఈ ముక్కలు ఎక్కువసేపు ఆగవు. పది పదిహేను నిమిషాల్లో కరకర పోతుంది. మూతపెట్టిన డబ్బాలో గంటసేపు ఉంటే ముద్దే మిగులుతుంది. కాబట్టి వేయించిన ముక్కలు ఒక పక్క, సాస్ ఒక పక్క పెట్టుకుని, మెహమాన్ వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా తిప్పి వడ్డించే మనిషి ఒకరుండాలి. బిర్యానీ దగ్గర నలుగురిని నిలబెడతాం కదా, ఇక్కడ ఒక్కరిని నిలబెట్టలేమా?

షాదీల సీజన్ వస్తోంది. బావర్చీకి బయానా ఇచ్చే రోజే ఈ మాటలు తేల్చుకోండి: వెజ్‌కి వేరే స్టవ్వు, వేరే కడాయి, వేరే గరిటె, సీలు విప్పని నూనె. వెజ్ వేయించడం ముందే అయిపోవాలి, చికెన్ తర్వాతే. కౌంటర్ మూలకి కాదు, మనం కూర్చునే వరసలోనే. వంట మొదలయ్యాక ఇంట్లోంచి ఒక కుర్రాణ్ణి పంపి చూసి రమ్మనండి. అప్పుడు శాస్త్రిగారి దగ్గరికెళ్లి, ఆయన అడగకముందే చెప్పండి, "నూనె వేరే సార్, నిశ్చింతగా తినండి" అని.