ఇంటి సామాను: ఎఫ్.ఎం. మూగవోయిన వాల్వు రేడియో

“తాతగారి నాటి జర్మన్ రేడియో మా యింట ఉన్నది. మీడియం వేవ్ పలుకుతున్నది గాని ఎఫ్.ఎం. మూగవోయింది. భంగార్‌వాడు తూకానికి అడుగుతున్నాడు. ఇచ్చివేయమందురా?” అని ఒక సోదరి అడిగినారు. ఇవ్వవద్దనియే మా సలహా. దారం తెగినంత మాత్రాన సాంచాను తూకానికి అమ్ముతామా? తెగిన చోటు వెదకి ముడి వేస్తాము. రేడియో మరమ్మతు కూడా అంతే.

ముందు ఈ సెట్టు సంగతి కొంత తెలియవలె. మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం 1977లో మద్రాసులో మొదలయింది. అప్పటికే వాల్వుల కాలం పోయి ట్రాన్సిస్టర్ల కాలం వచ్చినది. కనుక వాల్వుల ఎఫ్.ఎం. సెట్టు మన యిండ్లలో ఉన్నదంటే అది సాధారణంగా పైదేశం నుండి వచ్చినదే. 1948లో కోపెన్‌హేగన్‌లో జరిగిన పంపకంలో జర్మనీకి మీడియం వేవ్ స్థానాలు బహు కొద్దిగా దక్కినవి. అందుచేత వారు ఎఫ్.ఎం.ను గట్టిగా పట్టుకొన్నారు.

మన కామత్‌ఘర్‌కు ఎఫ్.ఎం. ఎంతో అనుకూలం. మీడియం వేవ్‌లో పాట అల యొక్క ఎత్తుపల్లాలలో ఉంటుంది. సాంచాల మోటార్ల వద్ద, స్విచ్చిల వద్ద లేచే నిప్పురవ్వలు ఆ ఎత్తుపల్లాలనే చెడగొట్టి గరగర పుట్టిస్తాయి. ఎఫ్.ఎం.లో పాట అల యొక్క కంపనసంఖ్యలో ఉంటుంది. ఎత్తులో వచ్చే మార్పును మంచి సెట్టు లెక్కచేయదు. అయితే ఎఫ్.ఎం. దూరం పోదు. మన పెద్దలకు రాత్రివేళ విజయవాడను, హైదరాబాదును వినిపించినది మీడియం వేవే. ఒకటి ఉన్నదని రెండవదాన్ని తీసిపారవేయరాదు.

ఇక మరమ్మతు. మొదటి మాట ప్రాణానికి సంబంధించినది. ఈ సెట్ల లోపల 250 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడ పెద్ద కండెన్సరులో అది నిలిచి ఉండవచ్చును. కొన్ని సెట్లలో ట్రాన్స్‌ఫార్మరు లేక చట్రానికే కరెంటు తగిలి ఉంటుంది. వెనుక అట్ట తీసిన సెట్టు దగ్గరకు పిల్లలను రానీయకండి. తడిచేతితో ముట్టుకోవద్దు. మీటరు పట్టడం రానివారు పని తెలిసినవానికే అప్పగించవలె.

చాలా ఏండ్లు మూలపడిన సెట్టును తిన్నగా ప్లగ్గులో పెట్టరాదు. వెనుకనున్న వోల్టేజి మీటను 240కి త్రిప్పి, 60 వాట్ల పాతరకం తీగె బల్బును దారిలో కలిపి కరెంటు ఇవ్వవలె. బల్బు మొదట వెలిగి మెల్లగా మందగిస్తే మంచిదే. నిండుగా వెలిగి అట్లే నిలిస్తే లోపల షార్టు ఉన్నది. వెంటనే ఆపివేయండి.

సోదరి గారి సెట్టులో మీడియం వేవ్ పలుకుతున్నది. అది సగం వైద్యం. స్పీకరు, దానిని నడిపే ఇ.ఎల్. 84 వాల్వు, కరెంటు భాగము పనిచేస్తున్నవన్నమాట. ఎఫ్.ఎం.కు మాత్రమే చెందిన భాగాలను చూస్తే చాలును. మొదట మీటల స్పర్శలను శుభ్రం చేయించండి. దుమ్ము, నూనె తెర వల్ల మీట నొక్కినా కరెంటు అందదు. ఇది అన్నిటికంటె చవకయిన మందు.

తరువాత ఎఫ్.ఎం. మీట నొక్కి శబ్దం పెంచండి. సర్రుమను చప్పుడు వినవచ్చి స్టేషను మాత్రం రాకపోతే ఇ.సి.సి. 85 వాల్వును అనుమానించవలె. గాలిలోని అలను మొదట పట్టుకొనేది అదే. దాని చోట అదే అంకె వాల్వు పెట్టించండి. కాళ్ళు సరిపోయినవని ఇ.సి.సి. 83ను దూర్చరాదు. సర్రు కూడ లేకపోతే ఇ.ఎ.బి.సి. 80 వాల్వును, దాని చుట్టుప్రక్కల భాగాలను చూడవలె. అక్కడ ఒక చిన్న ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు ఉంటుంది. అది ఎండిపోతే ఎఫ్.ఎం.లో కూడ గరగర వస్తుంది.

పలుకుతున్న సెట్టులో సైతం తప్పక చూడవలసినది ఒకటున్నది. ఇ.ఎల్. 84 రెండవ కాలికి పాటను అందించే కండెన్సరు కారితే ఆ వాల్వు వేడెక్కి, ఖరీదయిన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును కాల్చివేస్తుంది. చిన్న వస్తువు మార్చితే పెద్ద వస్తువు నిలుస్తుంది.

మెకానిక్కుకు ముందుగానే చెప్పవలసిన మాట: డబ్బీలలోని చుట్టల మరలను త్రిప్పవద్దు. కొలత యంత్రం లేకుండా వాటిని త్రిప్పితే బాగుపడవలసిన సెట్టు నిజముగా పాడవుతుంది. కదలని మర బలవంతానికి విరుగుతుంది.

చివరకు ఏరియలు. 72 సెంటీమీటర్ల చొప్పున రెండు తీగెలను అడ్డంగా, ఎదురెదురుగా చాచి, నడుమ చివరల నుండి రెండు తీగెలను సెట్టుకు దించితే చాలును. ముంబయి వైపు ఎదురుగా ఉండునట్లు అమర్చండి. పాత సెట్లలో చాలావాటి స్కేలు 100తో ఆగిపోతుంది. 91.1, 93.5, 98.3 అంకెల స్టేషన్లు అందుతాయి, 107.1 అందదు. అది సెట్టు లోపం కాదు. దానికొరకు మెకానిక్కుకు డబ్బు పోయకండి.

భంగార్‌వాడు ఇనుమును, రాగిని తూచి ధర కట్టును. మీరు మాత్రం ముందు పై పరీక్షలు చేయించి, అటుపైని అమ్మకం మాట ఆలోచించండి.