విదేశీ విద్య: ముందు మన కాగితాలు సరిచేసుకుందాం

గత సంవత్సరం ఒక అమ్మాయి తన తండ్రిని వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చింది. బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయం ఆమెకు సీటు ఇచ్చింది. మార్కులకు కొదువ లేదు, ఇంగ్లీషు పరీక్షలోనూ నెగ్గింది. చిక్కంతా తండ్రి పేరుతో వచ్చింది. పదవ తరగతి మెమోలో మహమ్మద్‌కు బదులు ‘ఎండి’ అని రెండక్షరాలు, ఆధార్‌లో మరొక పొట్టి రూపం, పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉన్నాయి. ఈ ముగ్గురూ ఒక్కరేనని నిరూపించడానికే నెలలు గడిచాయి. ఆ ఏటి ప్రవేశం చేజారింది.

ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల నడుమ గడిపిన వారం గనుక ఒక మాట నిస్సంకోచంగా చెప్పగలం. నారాయణఖేడ్ వంటి చోట్ల మన పిల్లలు వెనుకబడడానికి తెలివి తక్కువై కాదు. ఏ కాగితం ఎప్పుడు కావాలో ఇంట్లో చెప్పేవారు లేకపోవడమే అసలు కారణం.

మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్య కోసం తెలంగాణ ప్రభుత్వం 2015లో ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకాన్ని ప్రారంభించింది. తొలుత 10 లక్షల రూపాయలుగా ఉన్న సాయం తరువాత 20 లక్షలైంది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలకు మించరాదు. డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. దరఖాస్తు ఈ-పాస్ ద్వారా చేయాలి. ఇది దయాధర్మం కాదు, ఈ నేలకు పాత సంప్రదాయమే. 1895లో పదహారేళ్ల సరోజిని, అనంతర కాలపు సరోజినీ నాయుడు, నిజాం ప్రభుత్వ విద్యార్థివేతనంతోనే ఇంగ్లండు వెళ్లింది. మన ఖేడ్ కూడా ఆనాటి హైదరాబాద్ రాజ్యంలోని ఊరే.

అయితే ఈ సొమ్ము ముందుగా చేతికి రాదు. విద్యార్థి ఆ దేశం చేరి ఇమ్మిగ్రేషన్ పత్రం చూపిన తరువాత సగం, తొలి సెమిస్టర్ ఫలితాలు సమర్పించిన తరువాత మిగతా సగం అందుతుంది. అంతవరకు ఫీజు, వీసా, టికెట్టు ఖర్చులు కుటుంబమే భరించాలి. వడ్డీ అప్పుకు మన ఇళ్లలో మనసొప్పదు. ఒప్పుకున్నవారికి ఆసరాగా ఉండిన కేంద్రపు ‘పఢో పర్దేశ్’ వడ్డీ రాయితీ 2022-23 నుంచి ఆగిపోయింది. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఎత్తివేస్తున్నట్లు కూడా 2022 డిసెంబరులోనే ప్రకటించారు. ఒక్కొక్క తలుపు మూసుకుంటున్న వేళ, తెరిచి ఉన్న తలుపును కాగితం లోపంతో మనమే పోగొట్టుకోవడం ఎంత విచారకరం!

కావున తల్లిదండ్రులకు మా సూచనలు కొన్ని. మొదటిది పేరు. పదవ తరగతి మెమోలో ఉన్న పేరునే ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు పుస్తకాలలో అక్షరం తేడా లేకుండా ఉంచండి. ఆ మెమోలోనే తప్పుంటే డిగ్రీ ముగిసేదాకా ఆగక, ఇంటర్‌లో ఉండగానే దిద్దించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంతపేరు గళ్లు రెండూ నింపించండి. సొంతపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరు తెలియదన్న అర్థమిచ్చే మూడక్షరాలు వచ్చి చేరతాయి.

రెండవది గడువు. ఒక నోటుపుస్తకంలో ప్రతి విశ్వవిద్యాలయానికీ ఒక పేజీ కేటాయించి చివరి తేదీ, ఫీజు, పంపిన పత్రాలు, రావలసిన జవాబు వ్రాసుకోవాలి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి, జీఆర్ఈ ఐదేళ్లు చెల్లుతుంది. జర్మనీకి 2022 నవంబరు నుంచి ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరైంది. బ్రిటన్ వీసాకు చూపవలసిన సొమ్ము ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి. ఒక్కరోజు తగ్గినా చిక్కే. సరిహద్దు దాటి బీదర్‌లో ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలలో చాలామందికి ట్రాన్‌స్క్రిప్టులు బెళగావి విశ్వవిద్యాలయం నుంచి రావాలి. ఆ సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

మూడవది భద్రత. అసలు సర్టిఫికెట్లు ఏ ఏజెంటు చేతికీ ఇవ్వకండి. ఈ-మెయిల్, పాస్‌వర్డు విద్యార్థి వద్దనే ఉండాలి. ఆదాయ ధ్రువపత్రం పాతబడకుండా చూసుకొని, అవసరమైతే మీసేవలో తాజాగా తీసుకోవాలి.

ఇక సమాజం బాధ్యత. జుమా నమాజు తరువాత ఒక గంటసేపు మసీదు కమిటీ గదిలో చదువుకున్నవారు, పదవీ విరమణ చేసినవారు ఇద్దరు కూర్చుంటే చాలు, ఎన్నో దరఖాస్తులు సరిపడతాయి. అమ్మాయిలు తల్లులతో వచ్చి అడిగే వీలు వేరుగా కల్పించాలి. స్కాలర్‌షిప్ సొమ్ము అందేలోగా ఆదుకోవడానికి కర్జె హసనా నిధి ఒకటి నెలకొల్పాలి. ఇచ్చింది, తీసుకున్నది సాక్షుల ఎదుట వ్రాసి ఉంచాలి. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు, సూరె బఖరాలోని 282వది, అప్పును వ్రాసి పెట్టుకోమనే చెబుతున్నది కదా! చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి బద్ధకించరాదన్నది మన ధర్మమే.

ప్రభుత్వాన్ని మేము కోరేది కూడా ఎక్కువ కాదు. స్కాలర్‌షిప్ ప్రకటన ఏటా ఒకే తేదీన రావాలి. ఎంపిక విమానం ఎక్కకముందే తేలాలి. రెండు విడతల సొమ్మూ జాప్యం లేకుండా అందాలి. సంగారెడ్డి దాకా తిరగనక్కరలేకుండా రెవెన్యూ డివిజను కేంద్రమైన నారాయణఖేడ్‌లోనే సహాయ కేంద్రం ఉండాలి. అయితే హక్కు అడిగేవారి చేతిలో సరైన కాగితం ఉండాలి. కాగితం సరిగా ఉన్నవాని ఎదుట ఏ అధికారీ సాకు చెప్పలేడు.

ఆ అమ్మాయి మళ్లీ దరఖాస్తు చేసింది. ఈసారి ఆమె నోటుపుస్తకం మేము చూశాము. ఒక్క గడి కూడా ఖాళీగా లేదు. ఇన్షా అల్లాహ్, వచ్చే సెప్టెంబరులో ఆమె వెళుతుంది. ఆమె తమ్ముడి పదవ తరగతి మెమో ఇంకా రావలసి ఉన్నది. అందులో పేరు ఎలా పడుతుందో ఆ తండ్రి ఇప్పటికే బడికి వెళ్లి చూసివచ్చాడు.