యూరియా ఒక్కటే తగ్గిస్తే చాలదు

చెరువు మీద పచ్చటి తెట్టు కడితే మందుల షాపుకు పరుగెత్తడం మన రొయ్య రైతులకు అలవాటైపోయింది. అసలు దోషం నీళ్లలో పేరుకున్న భాస్వరానిది. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు గాలిలోని నత్రజనిని సొంతంగా పట్టుకుంటాయి. అంచేత యూరియా ఒక్కటే తగ్గిస్తే చాలదు.

ఐరోపాలోని బాల్టిక్ సముద్రంలో వేసవిలో తెట్టు కట్టేది ఈ నాచే. అడుగున ఆక్సిజన్ తగ్గితే బురదలోని పాత భాస్వరం మళ్లీ నీళ్లలోకి వస్తుంది. మన చెరువుల్లోనూ అంతే. తిననిమేత, లెక్కలేకుండా వేసిన సూపర్ ఫాస్ఫేట్ ఎక్కడికీ పోవు. నాచు చచ్చి కుళ్లితే తెల్లారేసరికి రొయ్యకు ఊపిరాడదు.

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల నీళ్లు డ్రెయిన్లలో పడి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి చేరతాయి. నీటి పరీక్ష లేకుండా ఎరువు వేయొద్దు. బురద తేరకుండా నీళ్లు వదలొద్దు. దిగువ రైతు తోడుకునేది ఆ నీళ్లే కదా!