చుట్టపుచూపు చదువులు

మా మేడ మీద అద్దెకుంటున్న బ్యాంకు ఆయన కూతురు మొన్న ఆదివారం ఫైలు పట్టుకుని కిందికి దిగింది. ఫ్యాషన్ డిజైనింగ్ చదువుతోంది. వేసవి సెలవుల్లో లండన్‌లో 8 వారాల కోర్సుకు సీటొచ్చింది, ఫీజు కట్టేశారు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు రాసిచ్చిన కవరింగ్ లెటర్ నా చేతిలో పెట్టింది. టవర్ బ్రిడ్జి చూడాలని ఉంది, మ్యూజియాలు చూడాలని ఉంది అని పేజీ నిండా రాశారు. కోర్సు ఊసే లేదు.

"చదువు అని రాస్తే స్టూడెంట్ వీసా కావాలంటారట అంకుల్. టూరిస్టుననే చెప్పమన్నారు."

ఒళ్లు మండింది. పిల్ల మీద కాదు, తలుపు తీసే ఉంటే గోడ దూకమన్న ఆ పెద్దమనుషుల మీద. బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద 6 నెలల దాకా చదువుకోవచ్చు. చెప్పే సంస్థకు అక్కడి గుర్తింపు ఉండాలి. ఉద్యోగం చేయకూడదు. అక్కడే ఉండిపోయి స్టూడెంట్ వీసాకు మారడం కుదరదు. ఇన్ని షరతులు పెట్టి మరీ వాళ్లే రమ్మంటుంటే, మనం కోర్సును సూట్‌కేసు అడుగున దాచడం దేనికి? ఇలాంటి చిన్న చదువుల్లో కమీషను పెద్దగా ఉండదు కాబట్టి కన్సల్టెన్సీల వాళ్లకు రూలు చదివే ఓపిక కూడా ఉండదేమోనని నా అనుమానం.

దాచినది ఎయిర్‌పోర్టులో బయటపడితే వెనక్కి పంపడంతో సరిపోదు. దరఖాస్తులో మోసం చేశారని తేలితే బ్రిటన్ 10 ఏళ్లపాటు వీసా నిరాకరించవచ్చు. కెనడాలో అయితే 5 ఏళ్లు. అమెరికాలో ఆ మచ్చ జీవితాంతం వెంటాడుతుంది. రేపు ఇదే పిల్ల ఎంఎస్‌కు వెళ్తానంటే ఆ పాత ఉత్తరం ముందుకొస్తుంది.

అయితే ఇంటికో రివాజు. లండన్‌లో చెల్లింది కదా అని ఇంకోచోట చెల్లదు. కెనడాలో స్టడీ పర్మిట్ లేకుండా చదవాలంటే కోర్సు మొత్తం 6 నెలల్లోపుదై ఉండాలి. 8 నెలల కోర్సులో చేరి 6 నెలలు కూర్చుని వచ్చేస్తానంటే ఒప్పుకోరు. ఆస్ట్రేలియాలో సాధారణంగా 3 నెలలే. పైగా 2024 జులై 1 నుంచి విజిటర్‌గా దిగినవాళ్లు అక్కడి నుంచే స్టూడెంట్ వీసాకు దరఖాస్తు చేయడం ఆపేశారు.

అమెరికాది మరీ ఇరుకు తలుపు. మా తోడల్లుడు డాలస్‌లో కొడుకు దగ్గరికి బీ-2 విజిటర్ వీసా మీద వెళ్లాడు. పగలంతా ఇంట్లో ఒక్కడే. మంగళవారాలు పక్కనున్న లైబ్రరీలో ఇంగ్లీషు మాట్లాడే బృందం కూర్చుంటుందని తెలిసి వెళ్లడం మొదలుపెట్టాడు. ఫీజు లేదు, పరీక్ష లేదు. ఒక చైనా బామ్మా, ఒక మెక్సికో ఆయనా, మధ్యలో మన గుంటూరు రిటైర్డ్ హెడ్మాస్టరు. అంతవరకూ ఏ తప్పూ లేదు. ఆ ఉత్సాహం చూసి కొడుకు, "ఖాళీగానే ఉన్నారుగా నాన్నా, కమ్యూనిటీ కాలేజీలో ఒక కంప్యూటర్ కోర్సు కట్టేద్దాం" అన్నాడట. అది క్రెడిట్లున్న కోర్సు, డిగ్రీకి లెక్కకొచ్చేది. బీ-2 మీద అది కూడదు. స్టూడెంట్ హోదాకు మార్చమని దరఖాస్తు పెట్టుకున్నా, మంజూరయ్యేదాకా క్లాసులో అడుగుపెట్టకూడదు. సరదా చదువుకు అక్కడి విదేశాంగ శాఖ ఇచ్చే ఉదాహరణే రెండు రోజుల వంట క్లాసు. మా వదిన వెళ్తే నేర్చుకోవడం అటుంచి, తనే వాళ్లకు ఆవకాయ పెట్టడం నేర్పి రాగలదు. కాకపోతే డబ్బు తీసుకుంటే అది ఉద్యోగం కిందికొస్తుంది!

మనమూ తక్కువ తినలేదు. మన ఈ-టూరిస్ట్ వీసా మీద వచ్చే విదేశీయులు యోగా, సంగీతం, నాట్యం, భాష, వంట లాంటివి 6 నెలలు మించకుండా నేర్చుకోవచ్చు. కూచిపూడి వచ్చి అడుగులు దిద్దుకోవాలనుకునేవారికి ఆ వీసా చాలు. ఒకటే మెలిక, అర్హత సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతైన కోర్సు కాకూడదు. మనవాళ్లయితే ఏ క్లాసు గుమ్మంలోనైనా మొదట అడిగేది "సర్టిఫికెట్ ఇస్తారా?" అనే కదా.

సరే, ఆ ఉత్తరం పక్కన పడేసి కొత్తది రాయించాను. మొదటి వాక్యంలోనే కోర్సు పేరు, తేదీలు. కింద సంస్థ ఇచ్చిన లెటరు, ఫీజు రసీదు, బస, ఖర్చు పెట్టేది ఎవరు, వాళ్ల నాన్న జీతం. ఇక్కడి కాలేజీ తెరిచే తేదీ కూడా రాయమన్నాను, తిరిగొస్తావా అన్నదే కదా ఆఫీసరు అసలు సందేహం. పిల్ల పెన్ను ఆపి నా మొహంలోకి చూసింది.

"మరి మ్యూజియాల సంగతి కొట్టేయనా అంకుల్?"

"ఎందుకమ్మా, ఉంచు. శనివారాలు ఖాళీయేగా. విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో వందల ఏళ్ల నాటి బట్టలున్నాయి, మన కలంకారీతో సహా."