లెక్కకెక్కని జ్వరాలు



వానలు మొదలైనప్పటి నుంచి మా మండలంలో దగ్గు, జ్వరం, ఒళ్లునొప్పులు లేని ఇల్లు లేదు. అధికారులు చెప్పే స్వైన్ ఫ్లూ కేసులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లో రోగులు ఏ, బీ, సీ అని మూడు వర్గాలు. ఆయాసం, ఛాతీనొప్పి వంటి తీవ్ర లక్షణాలతో ఆసుపత్రిలో చేరాల్సిన సీ వర్గానికే పరీక్ష. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్న కూలీ, మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కున్న తల్లి ఆ లెక్కలో ఉండరు.

ఆ అంకె చూసి జబ్బు తక్కువగా ఉందనుకోవడం పొరపాటు. అంతకంటే నన్ను భయపెడుతున్నది ఇప్పుడు అందరి నోటా వినబడుతున్న ఇంకో మాట: "అందరికీ వచ్చిపోయింది, ఇమ్యూనిటీ వచ్చేసింది, ఇక ఫర్వాలేదు." ఎందరికి సోకిందో ఎవరూ చూడలేదు. వచ్చిన జ్వరాలన్నీ ఫ్లూ అనీ చెప్పలేం. ఇది డెంగీ కాలం కూడా.

సహజంగా వచ్చే రోగనిరోధక శక్తి నిజమే. 2009లో స్వైన్ ఫ్లూ వైరస్ హెచ్1ఎన్1 ప్రపంచాన్ని చుట్టినప్పుడు, 1957కు ముందు అలాంటి వైరస్‌లు సోకిన వృద్ధులకు కొంత రక్షణ దొరికింది. అది రక్తపరీక్షల్లో తేలిన సంగతి. యువతకు ఆ రక్షణ లేక మృతుల్లో ఎక్కువమంది 65 ఏళ్ల లోపువారే అయ్యారు. అప్పుడూ లెక్కకెక్కనివారే ఎక్కువ: ల్యాబ్ నిర్ధారించిన మరణాలు ప్రపంచమంతటా సుమారు 18,500. అసలు సంఖ్య లక్షన్నరకు పైనే, ఐదున్నర లక్షలు దాటినా దాటి ఉండొచ్చని తర్వాత శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. పైగా ఒకసారి వచ్చిన ఇమ్యూనిటీ ఉన్నా, ఫ్లూ వైరస్ ఏటా మారుతుంటుంది. నిరుడు సోకిన జ్వరం ఈ ఏటికి పూచీ కాదు.

ఎందరికి సోకిందో తెలుసుకునే దారి లేకపోలేదు. కోవిడ్ మొదట్లో, 2020 మే, జూన్ నెలల్లో ఐసీఎంఆర్ రక్త నమూనాలతో సర్వే చేస్తే, నమోదైన ఒక్కో కేసుకు 82 నుంచి 130 మందికి వైరస్ సోకి ఉంటుందని తేలింది. ఫ్లూకు కూడా ప్రతి జిల్లాలో అలాంటి సర్వే జరగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ప్రైవేటు క్లినిక్‌లు వారం వారం దగ్గు, జ్వరాల లెక్క పంపాలి. వాటిలో కొన్ని నమూనాలనైనా ల్యాబ్‌కు పంపాలి.

అంతవరకూ గర్భిణులు, షుగర్ ఉన్నవారు, పెద్దవయసువారు, ఐదేళ్ల లోపు పిల్లల తల్లిదండ్రులు దయచేసి ఇమ్యూనిటీ మాటలు నమ్మి వైద్యానికి ఆలస్యం చేయవద్దు. గర్భిణులకు, షుగర్ ఉన్నవారికి, పెద్దవయసువారికి పరీక్ష లేకుండానే ఒసెల్టమివిర్ మందు మొదలుపెట్టవచ్చని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. జ్వరం వచ్చిన 48 గంటల్లోపు వేసుకుంటేనే ఆ మందు బాగా పనిచేస్తుంది.

- ఒక పాఠకురాలు, వరంగల్ జిల్లా